నేలను నమ్మితేనే గుర్రం దూకుతుంది

వాన గట్టిగా పడితే చెన్నైలో వ్యాసర్పాడి గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలుస్తాయి. రోజూ ఆ దారిన పోయేవాళ్లు కూడా అప్పుడు గట్టునే ఆగిపోతారు. దారి అలవాటైనదే, కానీ నీటి కింద ఏముందో తెలియదు. అడ్డుకర్ర ముందు మొరాయించే గుర్రం పరిస్థితీ అదే. దాన్ని మొండిదంటాం, పిరికిదంటాం. కాదంటే ‘రౌతు కొద్దీ గుర్రం’ అని నెపం రౌతు మీదికి నెడతాం. సామెతలో నిజం ఉంది. అయితే గుర్రం ధైర్యాన్ని తేల్చేవి మరో రెండున్నాయి: కాళ్ల కింది నేల, కళ్ల ముందున్న పరిసరం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే శిక్షణ దారి తప్పుతుందని నా వాదన. నేల విషయంలో గుర్రాన్ని ఒక్కసారి కూడా మోసం చేయకూడదు. పరిసరాల విషయంలో గారాబం చేయకూడదు.

ముందు నేల సంగతి. దూకేటప్పుడు గుర్రం వెనక్కాళ్లతో నేలను బలంగా తన్ని లేస్తుంది. దిగేటప్పుడు మొదట ఒక్క ముంగాలే నేలను తాకుతుంది. సుమారు 500 కిలోల ఒంటి బరువు, పైన రౌతు, వీటికి తోడు దిగే వేగం. ఆ క్షణంలో భారమంతా ఆ సన్నని కాలి మీదే. నేల బండలా ఉంటే దెబ్బ కీళ్లకు తగులుతుంది. ఇసుక మరీ లోతైతే స్నాయువులు లాగేస్తాయి. తడి బంకమన్నయితే గిట్ట జారుతుంది. ఒక్కసారి అలా నొప్పి పుట్టిందా, మరుసటి దూకుకు ముందే గుర్రం ఆ సంగతి చెప్పేస్తుంది: అంగలు పొట్టివవుతాయి, తల పైకి లేస్తుంది, చివరి అంగలో పక్కకు తప్పుకుంటుంది. మనం క్రమశిక్షణ లేదనుకునేది చాలాసార్లు గుర్రానికి గుర్తున్న నొప్పే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జంపింగ్ మైదానం నేల మీద గట్టి విమర్శలే వచ్చాయి. అక్కడ పోటీలో గాయపడ్డ రాయల్ కాలిబర్ అనే గుర్రం ఆ ఏడాదే చనిపోయింది. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2014లో నేలల మీద ప్రత్యేక శాస్త్రీయ పత్రం వెలువరించింది. గట్టిదనం, మెత్తదనం, పట్టు, తిరిగి తన్నే గుణంతోపాటు మైదానమంతా ఒకే తీరుగా ఉండటాన్ని కూడా అందులో కొలమానంగా పెట్టారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఈ చివరిదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురిసే చెన్నైలో నీరు దిగే ఏర్పాటు లేని మైదానం ఒక మూల ఊబి, మరో మూల రాయి.

నేలకూ పరిసరానికీ తేడా ఇక్కడే ఉంది. జారిన నేల నిజంగానే నొప్పి పెడుతుంది. కొత్త వస్తువు భయపెడుతుంది, అంతే. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ జంపింగ్ మైదానంలో పదో అడ్డంకి పక్కన నిలువెత్తు సుమో మల్లయోధుడి బొమ్మ పెట్టారు. మలుపు తిరగ్గానే దాని వీపు కనబడి గుర్రాలు బెదిరాయని కొందరు రౌతులు చెప్పారు. అవన్నీ మేటి గుర్రాలే! పైగా గుర్రం చూపు మన చూపు కాదు. ఎరుపు, నారింజ రంగులు దానికి విడిగా తెలియవు. నుదుటికి ఎదురుగా కొంత మేర కనిపించనే కనిపించదు, కాబట్టి చివరి అంగలో అది దూకేది జ్ఞాపకంతోనే. బ్రిటన్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లెక్కన పరీక్షిస్తే, పందేల అడ్డంకుల నారింజ పట్టీ గుర్రాలకు సరిగా ఆనడం లేదని తేలింది. 2022లో ఆ పట్టీలను తెలుపులోకి మార్చడం మొదలుపెట్టారు.

భయమంతా రౌతుదే, గుర్రానికి అంటుకుంటుందంతే అనేవాళ్లున్నారు. స్వీడన్‌లో 2009లో వెలువడ్డ ఒక అధ్యయనం వాళ్లను కొంతవరకు బలపరుస్తుంది. గొడుగు తెరుస్తామని చెప్పగానే గుర్రాన్ని నడిపే మనిషి గుండె వేగంతోపాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది, గొడుగు తెరవకపోయినా. ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ రౌతు ధైర్యం కూడా కాళ్ల కింద జారని నేల ఉన్నప్పుడే నిలుస్తుంది. అడవి గుర్రాలకు ఎవరు మైదానం చదును చేశారని ఇంకొందరు అడుగుతారు. అడవి గుర్రం తన దారిని, తన వేగాన్ని తానే ఎంచుకుంటుంది. వీపున మనిషిని మోస్తూ, మనం చెప్పిన చోట, మనం చెప్పిన వేళకు దూకాల్సిన అగత్యం దానికి లేదు. ఇక చదునైన ఇసుక మీదే పెరిగిన గుర్రం పచ్చిక మీద తడబడుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే రకరకాల నేలలు చూపించాలి, కానీ ప్రతిదీ పట్టున్నదై ఉండాలి. టోక్యోలో క్రాస్‌కంట్రీ వాలులూ నీటి మడుగులూ దాటి బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా 23వ స్థానంలో నిలిచాడు. అలాంటి పోటీకి నిలిచే గుర్రాన్ని ఒక్క ఇసుక బరిలో తయారు చేయలేరు. పరిసరాల భయం అలవాటుతో తగ్గుతుందనడానికి మెరీనాలో గస్తీ తిరిగే చెన్నై పోలీసు గుర్రాలే సాక్ష్యం. గుర్రం పుట్టుకతో బెదురు జంతువే, అయినా జనం మధ్య నిలబడుతుంది.

పిల్లల్ని గుర్రపుస్వారీలో చేర్చే తల్లిదండ్రులకు ఒక మాట. గుర్రం అందాన్నీ శిక్షకుడి పతకాలనూ తర్వాత చూడండి. ముందు అడ్డుకర్రకు అవతల, గిట్టలు దిగే చోటికి నడిచి వెళ్లి నేలను కాలితో నొక్కి చూడండి. అక్కడ గుంట పడి ఉంటే, వాన నీరు నిలిచి ఉంటే, దాన్ని సరిచేసేదాకా పిల్లవాణ్ణి గుర్రమెక్కించకండి.