అమ్రాబాద్ అడవిలో పులి పటాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుండి విహారయాత్రకు బయలుదేరిన పిల్లలకు పులి తొలిదర్శనం సాధారణంగా హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనే లభిస్తుంది. 1963 అక్టోబరు 6వ తేదీన ప్రారంభమైన ఆ ఉద్యానవనంలో, కందకానికి ఆవల నీడపట్టున పడుకొన్న పులి ఒక్కసారి తల తిప్పితే చాలు, ఇవతలి గట్టున చేతులన్నీ పైకి లేస్తాయి, చేతికొక ఫోను. పులి ఆవులిస్తుంది. ఆ ఆవులింత ఎన్ని పటాలలోకి ఎక్కుతుందో చెప్పలేము. పంతులుగారు వరుస సరిచేసి పిల్లలను ఏనుగుల వైపు నడిపిస్తారు.

ఈ పిల్లల సొంత జిల్లాల అడవిలోనే పులులు తిరుగుతున్నవి. కృష్ణకు ఉత్తరపు గట్టున, నల్లమల కొండలపై పరచుకొన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అచ్చంపేట ప్రాంతాన్నీ, నల్లగొండ జిల్లాలోని దేవరకొండ వైపు అడవులనూ కలుపుకొని 2,611 చదరపు కిలోమీటర్లు వ్యాపించి ఉన్నది. మొదట నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో భాగమైన ఈ అడవిని, 2014లో రాష్ట్రం విడిపోయిన పిదప, 2015లో వేరుగా ప్రకటించినారు.

మన్ననూరు దాటి ఫరాహాబాద్ వైపు అటవీశాఖవారి బండిలో వెళ్లినవారికి దుప్పులు కనిపిస్తాయి, నెమళ్లు కనిపిస్తాయి. పులి మాత్రం అదృష్టవంతులకే కనిపిస్తుంది. ఫరాహాబాద్ అనగా ఆనందనిలయమని అర్థం. నిజాం కాలంలో అది వేట విడిది. ఆనాటి పులి పటాలలో పులి చచ్చిపడి ఉండేది, దానిపై కాలుమోపి వేటగాడు నిలిచి ఉండేవాడు. ఆనందం ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ అడవిలో పులి పటం తీసేవేళ అక్కడ మనిషే ఉండడు. బాటకు రెండు వైపులా, మోకాలెత్తున, చెట్లకు రెండు చిన్న పెట్టెలు కట్టి వస్తారు. వీటినే కెమెరా ట్రాప్‌లంటారు. వెచ్చని దేహమేదైనా ముందునుండి కదిలితే పెట్టె దానిని పసికట్టి, పటం తీసి, తేదీని, వేళను దానిపై ముద్రించుకొంటుంది. రెండు పెట్టెలు ఎందుకంటే, పులి ఎడమ పక్క చారలు కుడి పక్క చారలవలె ఉండవు. ఏ రెండు పులుల చారలూ ఒక్కటి కావు. మన వేలిముద్ర ఎంతో, పులికి దాని చారలంత. దొంగతనంగా అమ్మబోయిన తోలు పట్టుబడితే, పాత పటంతో పోల్చి అది ఏ అడవి పులిదో చెప్పగలిగిన సందర్భాలున్నవి.

ఈ ఉపాయం పూర్తిగా కొత్తదేమీ కాదు. ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తరాది అడవులలో బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, పులి కాలు తగిలినప్పుడు దీపం మెరసి పటం పడే ఏర్పాటు చేసినాడు. ఆ పటాలతో 1927లో పుస్తకమే వెలువరించినాడు. మన దేశంలో చాలాకాలం పులులను పాదముద్రలను బట్టియే లెక్కించినారు. ఒక పులి ముద్ర మెత్తని మట్టిలో ఒకలాగు, గులకరాతి నేలలో వేరొకలాగు పడుతుంది. లెక్క తప్పడానికి అంతకన్న ఏమి కావలె? 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాలపై పులులున్నవి, అడవిలో ఒక్కటీ లేదని తేలింది. మరుసటి ఏటి నుండి దేశమంతటి లెక్కకు కెమెరాలను వాడసాగినారు. 2018 నాటి లెక్కలో 26,838 చోట్ల ఈ పెట్టెలు పెడితే మూడుకోట్ల నలభైఎనిమిది లక్షలకు పైగా పటాలు వచ్చినవి. వానిలో పులివి 76,651 మాత్రమే. తక్కినవన్నీ జింకలు, పశువులు, మనుష్యులు, గాలికి ఊగిన గడ్డి!

పెట్టె ఎక్కడ కట్టవలెనో పెట్టెకు తెలియదు. ఏ వాగులో వేసవిలోనూ చెలమ ఎండదో, ఏ బాటన పులి గోళ్లతో మాను గీరిందో, ఎండిన బురదలోని అడుగు నిన్నటిదో మొన్నటిదో చూచి చెప్పేవారు కావలె. ఈ అడవిలో ఆ చదువు చెంచులది. అటవీశాఖ కావలి శిబిరాలలో పనిచేసేవారిలో చెంచులు ఉన్నారు. పటం అచ్చయినప్పుడు అందులో పులి ఉంటుంది, ఆ చోటు చూపినవాని పేరు ఉండదు. అడవి నడుమ నుండి చెంచుగూడేలను బయటికి తరలించే మాట నడుస్తున్న ఈ రోజులలో, పులిని కాపాడే లెక్కలో ఈ చదువు విలువ ఎంత కట్టుతారని అడుగవలసియున్నది.

ఇక కూనల సంగతి. పుట్టిననాటి చారలే పులికి కడదాకా ఉంటాయి. అయినను ఏడాది నిండని కూనలను లెక్కలో చేర్చరు. ఆకలి, రోగం, కొత్తగా వచ్చిన మగపులి, ఇన్నింటిని దాటి బ్రతికేవి కొన్నియే కనుక. తల్లి వెనుక నడిచే కూన కెమెరాకు దొరికితే ఆ పటాన్ని అటవీ ఉద్యోగులు అపురూపంగా చూచుకొంటారు.

2023 మార్చిలో కృష్ణకు అవతలి నల్లమల అంచున, నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం గ్రామం దగ్గర నాలుగు పులికూనలు ఒంటరిగా కనిపించినవి. కుక్కలు పట్టకుండా ఊరివారు వానిని ఒక గదిలో చేర్చినారు, అది దయయే. కాని వెంటనే ఫోనులు వచ్చినవి, పటాలు వచ్చినవి, ఆ పటాలు దేశమంతా తిరిగినవి. టి-108 అనే సంఖ్య గల ఆడపులి వాని తల్లియని గుర్తించి, దాని జాడకోసం అటవీ సిబ్బంది బాటలవెంట కెమెరాలు కట్టి, రాత్రులు గాలించినారు. తల్లీ కూనలూ కలియలేదు. కొద్దిరోజులకు కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చినారు. వేట నేర్పే తల్లి అక్కడ ఉండదు.

ఇవతలి గట్టున, హైదరాబాదు-శ్రీశైలం బాటపై, రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర గేటు దించుతారు. తెల్లవారి ఆరింటి దాకా అడవిగుండా బండ్లు పోరాదు. లారీలు బారుగా నిలుస్తాయి. డ్రైవర్లు దిగి టీ తాగుతారు. ఆ వేళ లోపల, చెలమ దగ్గరి మద్దిచెట్టున కట్టిన పెట్టె మేలుకొనే ఉంటుంది.