మిణుగురుల సమాధి: సింగపూర్‌లో ఉన్నవాళ్ళు చూడాల్సిన జపాన్ సినిమా

బొమ్మల సినిమా అంటే పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి మనం వంట చేసుకోవచ్చు అనుకుంటాం. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' విషయంలో మాత్రం ఆ పని చేయకండి. జపనీస్‌లో దీని పేరు 'హోతారు నో హాకా', అంటే మిణుగురుల సమాధి. స్టూడియో జిబ్లీ కోసం ఇసావో తకహాతా తీశారు. 1988 ఏప్రిల్‌లో విడుదలైంది. నిడివి గంటన్నర.

కథ చిన్నదే. 1945లో కోబె నగరం మీద అమెరికా విమానాలు నిప్పుల బాంబులు వేశాయి. ఆ మంటల్లో తల్లి చనిపోతుంది. తండ్రి నౌకాదళంలో అధికారి, ఆయన జాడ లేదు. పద్నాలుగేళ్ళ సెయితా, నాలుగేళ్ళ చెల్లెలు సెత్సుకో చుట్టాలావిడ ఇంటికి చేరతారు. అమ్మ కిమోనోలు ఇచ్చి బియ్యం తెచ్చినప్పుడు రెండు రోజులు ఆదరణ, తర్వాత సూటిపోటి మాటలు. అభిమానం దెబ్బతిన్న కుర్రాడు చెల్లెల్ని తీసుకుని చెరువు గట్టున పాడుబడ్డ సొరంగంలో కాపురం పెడతాడు. చివరికి ఇద్దరూ మిగలరు. ఈ సంగతి దర్శకుడు మొదటి సన్నివేశంలోనే చెప్పేస్తాడు, కాబట్టి నేను కథ చెప్పి చెడగొట్టానని అనుకోవద్దు.

ఇది పూర్తిగా కల్పన కాదు. మూలకథ 1967లో అకియుకి నొసాకా రాశారు. ఆయన పెంపుడు చెల్లెలు 1945లో తిండి లేకే చనిపోయింది. సినిమాలో అన్నలా తాను చెల్లిని చూసుకోలేకపోయాననే బాధ ఆ కథ వెనుక ఉంది. తకహాతా కూడా తొమ్మిదేళ్ళ వయసులో ఒకయామా మీద జరిగిన బాంబు దాడిలో బతికి బయటపడ్డవారే.

చంపింది బాంబు కాదు

సెత్సుకోని చంపింది ఆకలి. ఆ ఆకలి ఎలా వచ్చిందో గమనించండి. 1945 మార్చి నుంచి అమెరికా విమానాలు జపాన్ రేవుల చుట్టూ సముద్రంలో మైన్లు వేశాయి. ఓడలు రావడం తగ్గి తిండిగింజలు కరువయ్యాయి. ఉన్న కాస్తా రేషన్. ఆ రేషన్ ఇరుగుపొరుగు సంఘాల ద్వారా అందేది. ఇల్లు వదిలిన పిల్లలు ఆ సంఘం లెక్కలోంచి జారిపోయారు. తల్లి బ్యాంకులో దాచిన డబ్బు ఉంది, కానీ అమ్మేవాడు లేడు. పెద్దావిడకి క్షమాపణ చెప్పుకుని వెనక్కి వెళ్ళమని ఒక రైతు సలహా ఇస్తాడు. కుర్రాడు వినడు. యుద్ధం ఎంత దారుణమో, ఆపదలో మనుషులు ఒకరినొకరు వదిలేసుకోవడం కూడా అంతే దారుణం. తన సినిమాని కేవలం యుద్ధ వ్యతిరేక చిత్రంగా చూడొద్దని తకహాతా అనేవారు. బహుశా ఇందుకేనేమో!

సినిమాలో లేనిది

సెయితా తండ్రి యుద్ధం ఎక్కడ చేశాడో సినిమా చెప్పదు. సింగపూర్‌లో కూర్చుని చూసే మనకి ఆ ప్రశ్న తప్పదు. 1941 డిసెంబర్ 8 తెల్లవారుజామున ఈ ఊరి మీద పడ్డవి జపాన్ బాంబులు. 1942 ఫిబ్రవరి 15న బుకిత్ తిమా ఫోర్డ్ ఫ్యాక్టరీలో బ్రిటిష్ వాళ్ళు లొంగిపోయారు. ఊరి పేరు 'స్యోనాన్' అయింది. వేలమంది చైనీయులని ఏరి చంపారు. తర్వాత మూడున్నరేళ్ళు ఇక్కడి పిల్లలకి కూడా బియ్యం కరువే. కర్రపెండలం, చిలగడదుంపలతో కడుపు నింపుకున్నారు. అరటిచెట్టు బొమ్మ వేసిన జపాన్ నోట్లు ఎన్ని ఉన్నా సరుకు దొరికేది కాదు.

మనవాళ్ళకీ ఇందులో భాగం ఉంది. మలయా ఎస్టేట్లలో పనిచేసే తమిళులతో పాటు తెలుగువాళ్ళని కూడా సయాం-బర్మా రైలుమార్గం పనికి తరలించారు. 415 కిలోమీటర్ల ఆ మార్గంలో చనిపోయిన ఆసియా కూలీలు సుమారు 90 వేలమంది అని ఒక అంచనా. మగవాళ్ళు పోయిన ఎస్టేట్లలో పిల్లలు ఎలా బతికి ఉంటారో ఆలోచించండి. వాళ్ళ మీద ఇలాంటి సినిమా రాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి.

ఇక్కడ బళ్ళలో ఏటా ఫిబ్రవరి 15ని గుర్తుచేస్తారు. అది విని, ఈ సినిమా చూసిన పిల్లలు "జపాన్ వాళ్ళు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా?" అని అడుగుతారు. ఒక్క మాటలో తేల్చేయకండి. ఆ సైన్యం ఇక్కడ చేసిన ఘోరం నిజం. కోబెలో ఆకలితో పోయిన నాలుగేళ్ళ పిల్ల ఆ ఘోరంలో పాలుపంచుకోలేదన్నదీ నిజమే. ఒకటి చెప్పడానికి రెండోది దాచాల్సిన పని లేదు.

ముందు మీరు ఒక్కరే చూడండి. కాలిన తల్లి శరీరం, శవాలు కనిపిస్తాయి కాబట్టి పన్నెండేళ్ళు దాటిన పిల్లలకైతే మంచిది. చూశాక ఒక ఆదివారం పాత ఫోర్డ్ ఫ్యాక్టరీ మ్యూజియానికో, బీచ్ రోడ్‌లోని నాలుగు స్తంభాల స్మారకానికో తీసుకెళ్ళండి. అప్పుడు సినిమా చెప్పని సగం కథ మీరే చెప్పొచ్చు.