జీతములో జరిమానా

నెల మొదట చేతికందిన జీతపు చీటీలో, తాను చేసిన తప్పేదో, దానికి వెల కట్టినవారెవరో తెలియకయే కొంత సొమ్ము కోతపడియుండుట చూచి, నోరు మెదపలేక యింటికి పోయెడి యుద్యోగులు మన పట్టణములందలి దుకాణములలోను, ప్రైవేటు పాఠశాలలలోను, ఆసుపత్రులలోను నేటికిని పెక్కుమంది కలరు. యజమాని తానే ఫిర్యాదియై, తానే న్యాయాధిపతియై, తుదకు దండనధనమును తన పెట్టెలోనే వేసికొనుట అనుచితమని శాసనకర్తలు తొమ్మిది దశాబ్దములనాడే గుర్తించిరన్న సంగతి వారిలో అనేకులెఱుగరు.

ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోయుట, నేతలో చెడిన గుడ్డను నేసినవానికే అంటగట్టి దాని వెలను కూలినుండి మినహాయించుకొనుట ఒకప్పుడు బొంబాయి మిల్లులలో వాడుకగా నుండెను. 1929లో విట్లీ అధ్యక్షుడుగా నియుక్తమైన రాయల్ కమిషను కార్మికుల స్థితిగతులను విచారించి 1931లో సమర్పించిన నివేదిక దరిమిలా, 1936లో వేతన చెల్లింపు చట్టము వచ్చినది. జరిమానా రూపాయికి అర్ధణాకు మించరాదని అది శాసించెను. ఆ హద్దే పిమ్మట నూటికి 3గా మారి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వేతనముల కోడునందును నిలిచియున్నది. అనగా నెలకు 15,000 రూపాయలు పొందువానిపై ఆ నెలలో ఎన్ని తప్పులు మోపినను జరిమానా 450 రూపాయలు దాటరాదు.

ఏయే తప్పులకు జరిమానా పడునో తెలుపు పట్టిక ప్రభుత్వాధికారి ఆమోదము పొంది పనిచోట ముందే ప్రకటితము కావలెను. ఉద్యోగి సంజాయిషీ వినవలెను. పదునైదేండ్లు నిండనివారిపై విధింపరాదు. 90 దినములు గడచిన పిదప వసూలు చేయరాదు. వాయిదాలుగా అసలే రాబట్టరాదు. ఈ కడపటి నిషేధము మొదట వింతగా తోచవచ్చును గాని, ఒకనాటి పొరపాటు నెలనెలా జీతమును వెన్నాడు అప్పుగా మారకుండుటకే యిది యేర్పడెనని నా తలంపు.

నాకు అన్నిటికంటె ఉదాత్తముగా తోచు నియమము వేఱొకటి కలదు. వసూలైన ప్రతి పైసయు రిజిస్టరున కెక్కవలెను. ఆ ధనము అధికారి ఆమోదించిన రీతిని, ఆ సంస్థలోని యుద్యోగుల మేలుకై మాత్రమే వ్యయము కావలెను. తప్పెన్నువానికి ఆ తప్పువలన ఒక్క కాసైనను లాభింపకుండ జేయుటచే, తప్పులు వెదకవలెనను ఆశకే యిది మూలచ్ఛేదము చేయుచున్నది. అట్టి రిజిస్టరును చూపుడని అడిగినచో ఎన్ని సంస్థలు చూపగలవు?

ఇక మూడు మార్లు ఆలస్యమైనచో అరపూట జీతము కోయుట నేడు సర్వసాధారణము. పది మందికి తక్కువ కాకుండ కూడబలుకుకొని పని మానినప్పుడు తప్ప, పనికి లేని కాలమునకు ఎంత జీతమగునో అంతకు మించి కోయరాదని చట్టము. పైన చెప్పిన యుద్యోగి నెలకు 26 దినములు, దినమునకు 8 గంటలు పనిచేయువాడైనచో, పది నిమిషముల ఆలస్యపు వెల 12 రూపాయలు. మూడు మార్లకు 36. అరపూట కోత 288. మిగిలిన 252 రూపాయలకు ఏ పేరు పెట్టినను అది జరిమానాయే కాబట్టి, దానికి పట్టికయు, సంజాయిషీయు, రిజిస్టరును ఉండితీరవలెను.

ప్రభుత్వ కార్యాలయములకు నియమములు వేఱు. తక్కిన చోట్ల అక్రమముగా కోసిన సొమ్మునకై మూడు సంవత్సరముల లోపల అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. కోతకు పదిరెట్ల వఱకు పరిహారము విధించు అధికారము ఆయనకు కలదు. యజమానికి వెఱచి తాను ముందుకు రాజాలని యుద్యోగి తరఫున, అతడు సభ్యుడైన కార్మిక సంఘమును ఆ యర్జీ దాఖలు చేయవచ్చును.