బొంత అతుకులకు గుండుసూది అవసరమా?

బొంత కుట్టే ఇంట్లో ఒక చిన్న వాదన తప్పక వినబడుతుంది. రెండు గుడ్డముక్కలను కలిపి కుట్టే ముందు గుండుసూదులు గుచ్చాలని ఒకరంటారు; చెయ్యి తిరిగినవారికి వాటితో పనేమిటని మరొకరంటారు. మా మదరసాలో అసర్ నమాజు తరువాత బాలికలు కుట్టుపని నేర్చుకునే వేళలోనూ, చలికాలానికి ముందు హాస్టలు బొంతలు మొదలుపెట్టగానే ఈ వాదన తలెత్తుతుంది. పెద్ద తరగతుల బాలికలకు గుండుసూది అంటే చిన్నచూపు. కొత్తగా చేరినవారేమో అంగుళానికొకటి గుచ్చి గుడ్డను ముళ్ళకంచెలా చేస్తారు. ఇది గుడ్డను బట్టి, కుట్టే పద్ధతిని బట్టి తేలవలసిన విషయమే గాని, పనితనం గురించిన గర్వాన్ని బట్టి కాదని మా అభిప్రాయం.

గుడ్డ అసలెందుకు జరుగుతుందో ముందు తెలుసుకోవాలి. మిషన్‌లో సూది కింద ఉండే పళ్ళు అడుగు గుడ్డను పట్టి వెనక్కు లాగుతాయి. పైనున్న పాదం పై గుడ్డను అదిమి ఉంచుతుంది. అందువల్ల అడుగు గుడ్డ కొంచెం ముందుగా, పై గుడ్డ కొంచెం వెనుకగా సాగుతాయి. నాలుగంగుళాల ముక్కలో ఈ తేడా కంటికి ఆనదు. నాలుగడుగుల పట్టీలో మాత్రం కుట్టు చివరకు చేరేసరికి పై గుడ్డ కొంత మిగిలిపోతుంది. బాలికలు ఆ మిగులును కత్తెరతో కోసివేసి, సరిపోయిందనుకుంటారు. కోసినది చివరి అంచును మాత్రమే. దారి పొడవునా అతుకులన్నీ అప్పటికే చోటు తప్పి ఉంటాయి.

అయితే గుండుసూది సరిచేయలేని తప్పు ఒకటుంది. అతుకుకు పావు అంగుళం గుడ్డ లోపలికి వదలడం వాడుక. చెయ్యి జారి ప్రతిచోటా అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకున్నామనుకుందాం. రెండు ముక్కలలోనూ అంతే పోతుంది కనుక ఒక్కొక్క అతుకు వద్ద అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గుతుంది. వరుసకు 8 ముక్కలుంటే అతుకులు 7. అంటే వరుస మొత్తం మీద దాదాపు ఒక అంగుళం తరుగు. పక్క వరుసను మరొకరు సరైన కొలతతో కుట్టి ఉంటే ఆ రెండూ కలవవు. ఒక్కొక్క వరుసను ఒక్కొక్క బాలిక కుట్టే మా వంటి చోట ఇది ఏటేటా ఎదురయ్యే చిక్కు. అక్కడ ఎన్ని సూదులు గుచ్చినా కొలత కుదరదు. తేడా ముడతగా మారుతుంది, అంతే.

గుండుసూది అక్కరలేని బొంతలు మన పొరుగునే ఉన్నాయి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా హళియాళ, యల్లాపుర ప్రాంతాలలో సిద్దీలు నివసిస్తున్నారు. శతాబ్దాల క్రితం ఆఫ్రికా నుండి ఈ నేలకు చేరినవారి సంతతి వారు. వారిలో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు ఉన్నారు. వారి స్త్రీలు కుట్టే బొంత పేరు కవంది. ముక్కలను ముందు ఒకదానికొకటి కలిపి, తరువాత అస్తరు వేసే పద్ధతి కాదది. పాత చీరను అడుగున పరచి, మూల నుండి మొదలుపెట్టి, ముక్కల అంచులు లోపలికి మడుస్తూ, ఒకదాని అంచును మరొకటి కప్పేలా ఉంచుతూ, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరేలా చేతికుట్టు వేస్తారు. నాలుగు మూలలా మడిచిన గుడ్డలతో పూలు పెడితేనే కవందికి నిండుతనం. ప్రతి ముక్కా చేతి కింద ఉండగానే కుట్టుపడుతుంది; దానిని నిలిపి ఉంచడానికి వేరే సూది ఎందుకు? రెండు అతుకులు ఒకే చోట కలవాలన్న నియమం కూడా అందులో లేదు. పాత చీరలు పొరలుగా పరచి మన ఇళ్ళలో పెద్దవారు కుట్టిన బొంతలదీ ఇంచుమించు అదే తీరు. కాబట్టి “మా దాదీ ఒక్క గుండుసూదీ వాడలేదు” అనే బాలిక మాట నిజమే. కాని దాదీ చేసిన పని వేరు, మిషన్ మీద చదరాలు కలిపి కుట్టే పని వేరు.

ఈ చదరాల పనిలోనూ సూదులు తగ్గించే ఉపాయం ఉంది. మొదటి వరుసలోని అతుకుల మడతలన్నిటినీ కుడివైపుకు, రెండవ వరుసలోని వాటిని ఎడమవైపుకు ఇస్త్రీ చేయండి. రెండు వరుసలను మంచివైపులు ఎదురెదురుగా పెట్టి వేళ్ళతో నిమిరితే, ఎదురు మడతలు ఒకదానికొకటి ఆనుకొని ఆగిపోతాయి. మాకు కుట్టుపనిలో తోడుగా వచ్చే పెద్దావిడను పిల్లలంతా ఖాలా అంటారు; ఆమె ఈ పనిని కళ్ళు మూసుకొని చేయిస్తారు. అలా ఆగిన చోట సూది లేకున్నా అతుకు కలుస్తుంది.

పొడవైన అంచుపట్టీలు, ఐమూలగా కత్తిరించిన ముక్కలు, సాటిన్ వంటి జారుడు గుడ్డలు మాత్రం సూది లేనిదే మాట వినవు. పట్టీని సగానికి మడిచి నడిమి గుర్తు పెట్టుకోవాలి. నడిమికి నడిమి, చివరలకు చివరలు కలిపి గుచ్చి, ఆ తరువాతే మధ్య ఖాళీలు నింపాలి. సూది కుట్టుకు అడ్డంగా ఉండాలి, తల గుడ్డ అంచు బయటికి రావాలి. అప్పుడు మిషన్ సూది దగ్గరపడగానే కుడిచేత్తో లాగివేయవచ్చు. పైనుంచే కుట్టుకుంటూ పోయేవారున్నారు. రెండు సూదులూ తాకితే మిషన్ సూది విరిగి, దాని ముక్క కంటివైపు ఎగరవచ్చు. అంత తొందర దేనికి? పట్టుగుడ్డ మీద సూది రంధ్రం అలాగే ఉండిపోతుంది కనుక అతుకు లోపలికి పోయే పావు అంగుళంలోనే గుచ్చాలి. వానాకాలంలో రాత్రంతా వదిలేస్తే తుప్పు మరక పడుతుంది, అది పోగొట్టడం మహా కష్టం.

అతుకు చక్కగా రావడం కంటే పెద్ద విషయం మరొకటి ఉంది. కుట్టేవారికి రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి. సూదులను పెదవుల మధ్య పెట్టుకొని, పక్కవారితో మాట్లాడుతూ, ఒక్కొక్కటే తీసి గుచ్చడం పెద్ద అలవాటు. హిజాబ్ సర్దుకునేటప్పుడు మన బాలికలు చేసేదీ ఇదే. నవ్వినా, దగ్గినా, ఊపిరి గట్టిగా పీల్చినా సూది శ్వాసనాళంలోకి జారగలదు. టర్కీ, ఈజిప్టు దేశాల వైద్యులు ఇలా హిజాబ్ సూదులు ఊపిరితిత్తులకు చేరిన యువతుల గురించి వైద్య పత్రికలలో అనేకసార్లు రాశారు. గొట్టం లోపలికి పంపి వాటిని తీయవలసి వస్తుంది. కొన్నిసార్లు శస్త్రచికిత్స దాకా పోతుంది. ఇంట్లో తల్లి నోట సూది చూసిన పిల్ల మరునాడు తన నోట పెట్టుకుంటుంది. కుట్టేవారి మణికట్టుకు చిన్న సూదిదిండు కట్టుకుంటే ఈ అలవాటు పోతుంది. పాత గుడ్డలో దూది కూరి అరగంటలో దానిని కుట్టుకోవచ్చు.

ఇక బొంతలో మిగిలిపోయే సూది సంగతి. అస్తరు వేసి పొరలు కలిపిన తరువాత అది పైకి కనబడదు. ఉతికినప్పుడో, పసిబిడ్డ దొర్లినప్పుడో మొన బయటికి వస్తుంది. అందుకే మా దగ్గర ప్రతి బాలికకూ 20 సూదులు లెక్కపెట్టి ఇస్తాం, సాయంత్రం లెక్కపెట్టి తీసుకుంటాం. పిన్నీసులకూ ఇదే నియమం. ఒక్కటి తగ్గినా బొంతను దులిపి, మడతలు తడిమి, అయస్కాంతం తిప్పి చూస్తాం. ఇనుప సూదులే కొంటున్నది కూడా ఇందుకే, ఇత్తడి సూది అయస్కాంతానికి అంటదు. లెక్క కుదిరే వరకు అస్తరు వేయనివ్వం. కిందటేడు ఒక సూది కోసం మగ్రిబ్ అజాన్ వరకు వెతికాం. అది చాప అల్లికలో దొరికింది.