స్త్రీల ఆత్మరక్షణము - గ్రామ పంచాయతీల కర్తవ్యము

వీధిదీపము వెలుగకున్నను, మంచినీటి కుళాయి చెడిపోయినను గ్రామస్థులు పంచాయతీ సభ్యుల కడకు వచ్చి అడుగుదురు. కాని ప్రొద్దుగ్రుంకిన పిదప పొలమునుండి ఒంటరిగా తిరిగి వచ్చు స్త్రీకి, బస్సు దిగి చీకటి దారిన నడచు విద్యార్థినికి కలుగు భయమును గూర్చి ఫిర్యాదు చేయువారు అరుదు. ఆ భయము చేతనే కొందరు తలిదండ్రులు ఆడపిల్లల చదువు మాన్పించుచున్నారు. తనకన్న బలవంతుడైన దుండగుని బారినుండి స్త్రీ ఎట్లు తప్పించుకొనగలదో, అందు పంచాయతీ చేయదగిన సహాయమేమో ఇచట వివరింప దలచితిమి.

తప్పించుకొనుటయే గెలుపు

దుండగుని క్రింద పడవేయుట ఆత్మరక్షణకు గమ్యము కాదు. వాని పట్టు ఒక్క క్షణము సడలిన చాలును. ఆ క్షణములో జనమున్న చోటికి పరుగెత్తవలెను. ఈ సంగతి గ్రహించినచో బలములో గల వ్యత్యాసము అంత ముఖ్యముగా తోచదు.

మొదటి ఆయుధము కంఠస్వరము. దుండగుడు కోరునది నిశ్శబ్దము. "వదులు! దూరముగా పో!" అని గట్టిగా కేకవేసినచో వాడు జంకును, చుట్టుపట్లవారు వినగలరు. అరచునపుడు ఊపిరి బిగబట్టుట తప్పి, శరీరమునకు కదలికయు వచ్చును.

రెండవది, పట్టులోని బలహీనతను ఎరుగుట. మణికట్టును పట్టుకొన్న చేతిలో బొటనవ్రేలు, తక్కిన వ్రేళ్లు కలియు సందు బలహీనమైనది. చేతిని నేరుగా వెనుకకు లాగరాదు. ఆ సందువైపు త్రిప్పి, మోచేతిని వంచి చటుక్కున లాగవలెను. రెండవ చేతితో తన పిడికిలినే పట్టుకొని లాగినచో బలము రెట్టించును. వెనుకనుండి జడ పట్టుకొన్నచో, ఆ చేతిని రెండు చేతులతో తలకు అదిమి పట్టినయెడల నొప్పి తగ్గును. అపుడు వానివైపు తిరుగ వీలగును. వెనుకనుండి నడుమును వాటేసుకొన్నచో, మోకాళ్లు వంచి బరువును క్రిందికి దించవలెను. మడమతో వాని పాదమును త్రొక్కి, మోచేతితో వెనుకకు పొడువవలెను.

మూడవది, దెబ్బ తగులవలసిన చోటు. ఎంతటి బలాఢ్యునకైనను కన్నులు, ముక్కు, గొంతు, గజ్జలు, మోకాళ్లు సుకుమారమైనవే. పిడికిలితో గ్రుద్దినచో వ్రేళ్లు విరుగవచ్చును. అరచేతి మొదలుతో ముక్కును క్రిందినుండి పైకి కొట్టుట మేలు. నేలపై పడినచో కాళ్లతో తన్నవలెను; చేతులకన్న కాళ్లకు బలమెక్కువ. అయితే కత్తి చూపి సొమ్ము అడిగినవానితో పెనుగులాడరాదు. సొమ్మును దూరముగా విసరి వేరొక దిక్కునకు పరుగెత్తుట వివేకము.

ఇవి చదివినంత మాత్రమున అలవడవు. తెలిసిన శిక్షకుల ఎదుట పలుమారు అభ్యసింపవలెను.

పరిచితులే ప్రమాదకారులు

జాతీయ నేర నమోదు సంస్థ నివేదికల ప్రకారము అత్యాచారపు కేసులలో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. బంధువునో పొరుగువానినో కొట్టుటకు చేయి రాదు. అరచుటకు నోరు రాదు. అందుచే మనస్సులోని సంకోచమును తొలగించుట శిక్షణలో ముఖ్యభాగము కావలెను. కెనడా దేశములో 3 విశ్వవిద్యాలయములలో జరిగిన పరిశోధనము 2015లో వెలువడినది. పరిచితులనుండి రాగల ప్రమాదమును గుర్తించుట, సంకోచమును వీడి ఎదిరించుట 12 గంటలపాటు నేర్చిన విద్యార్థినులలో, ఒక ఏడాదిలో అత్యాచారమునకు గురియైనవారు నూటికి సుమారు 5గురు. ఆ శిక్షణ పొందనివారిలో సుమారు 10 మంది.

చట్టము ఇచ్చు అండ

ఎదురుదెబ్బ తీసినచో తమపైననే కేసు వచ్చునేమో యని స్త్రీలు వెనుదీయుట కలదు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తించినవి. అత్యాచారము, అపహరణము, ఆమ్లదాడి తలపెట్టినవానిని ఎదుర్కొనుటలో వాని ప్రాణమే పోయినను, ఆ హక్కు అంతవరకు వర్తింపగలదని 38వ సెక్షను తెలుపుచున్నది. అయితే రక్షణకు అవసరమైనదానికి మించి హాని చేయరాదు. ప్రమాదము తొలగిన పిదప కసి తీర్చుకొనరాదు.

భయముచే కాలుసేతులు కొయ్యబారుటయు సహజమే. శరీరముతో ప్రతిఘటింపనంత మాత్రమున స్త్రీ సమ్మతించినట్లు కాదని అదే సంహితలోని 63వ సెక్షను స్పష్టపరచినది. కావున "ఏల అరవలేదు? ఏల కొట్టలేదు?" యని రచ్చబండ కడ ఆమెను నిలదీయుట అన్యాయము.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

సమగ్ర శిక్షా పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలలో 6 నుండి 12వ తరగతి వరకు చదువు బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట 3 నెలల ఆత్మరక్షణ శిక్షణ ఏర్పాటు కలదు. మన పాఠశాలలో అది జరుగుచున్నదో లేదో ప్రధానోపాధ్యాయులను అడిగి తెలిసికొనవలెను. పొదుపు సంఘముల స్త్రీలకును అట్టి శిక్షణ ఇప్పింపవలెను.

బస్సు ఆగుచోటు, చెరువుగట్టు, పాఠశాల దారి మున్నగు చోట్ల స్త్రీలతో కలిసి నడచి, దీపములు లేని తావులను, పొదలు పెరిగిన మలుపులను వారిచేతనే చూపించుకొని సరిచేయింపవలెను. అత్యవసర సహాయపు 112, మహిళా సహాయపు 181, బాలల సహాయపు 1098 నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

దాడి జరిగినచో పెద్దమనుషుల పంచాయితీతో రాజీ కుదుర్చుట తగదు. ఏ పోలీసు స్టేషనులోనైనను, అది తమ పరిధి కాకున్నను, ఫిర్యాదును నమోదు చేయవలెను. అత్యాచార బాధితురాలికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండును ఉచితముగా ప్రథమ చికిత్స చేయవలెను. పరీక్షకు ముందు స్నానము చేయకుండుట, బట్టలు ఉతుకకుండుట సాక్ష్యమునకు మంచిది. ఆమె పేరును వెల్లడించి ప్రచారము చేయుట నేరము.

కేకవేసిన స్త్రీకి పలుకు ఊరు కావలెను. తప్పించుకొని పరుగెత్తి వచ్చినామెకు మొదట కనిపించు గడప తలుపు తెరచునదై యుండవలెను. ఆ నమ్మకము కలిగించుట పంచాయతీ సభ్యుల చేతిలోనిదే. రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును చేర్చి, స్త్రీలు చెప్పునది ముందుగా వినవలసినదిగా మేము కోరుచున్నాము.