మైక్రోస్లీప్

లారీ ప్రమాదాల వార్తల్లో ‘నిద్రమత్తు’ పక్కన కనిపిస్తున్న మాట మైక్రోస్లీప్. మనిషికి తెలియకుండానే మెదడు కొన్ని సెకన్లపాటు నిద్రలోకి జారడమే ఇది. కళ్లు తెరిచే ఉండొచ్చు, ఎదుట ఉన్నది మాత్రం బుర్రకెక్కదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 4 సెకన్లలో సుమారు 67 మీటర్లు దాటేస్తుంది. ఆ దూరమంతా బ్రేకు మీదికి కాలే వెళ్లదు. నిద్ర బాకీ పడ్డవారికి తెల్లవారుజామున, మధ్యాహ్నం భోజనం తర్వాత ఈ ముప్పు ఎక్కువ.

ఆదోని, ఎమ్మిగనూరు వాసులకు ఇది దూరపు సంగతి కాదు. పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డుకూ జిన్నింగ్ మిల్లులకూ వచ్చే సరుకు బళ్లు ఊరి ఇరుకు రోడ్ల మీద ఆటోలు, సైకిళ్ల మధ్యే నడవాలి. హమాలీలు లోడెత్తుతున్నంతసేపూ డ్రైవరు ఖాళీగానే ఉన్నాడు కదా అనొచ్చు. కానీ తూకం చూసుకుంటూ, మోకులు బిగించి పట్టా కప్పించుకుంటూ గడిపిన సమయం నిద్ర కాదు. అనుభవం ఉంటే చాలు, టీ తాగితే చాలు అనే వాదనా ఉంది. టీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, అదీ తాత్కాలికమే. ముంచుకొచ్చే నిద్రను అనుభవం ఆపలేదు. బండి పక్కకు ఆపి తీసే 20 నిమిషాల కునుకే అంతకంటే మేలు.

ఇక డ్రైవర్ల పనివేళల విషయానికొస్తే, 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, 5 గంటలకు అరగంట విశ్రాంతి అంది. అయితే అది అయిదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒకట్రెండు లారీలున్న యజమానులు ఆ లెక్కలోకి వచ్చేవారు కాదు.