వెనక్కి వచ్చే డీజిల్

నారాయణఖేడ్ నల్లరేగడిలో దుక్కి దున్నే ట్రాక్టర్ బానెట్ ఎత్తి చూడండి. పొరుగునే జహీరాబాద్‌లోని మహీంద్రా కార్ఖానాలో తయారైనదైనా, మరెక్కడిదైనా సరే, నాజిళ్ల నెత్తి మీదుగా పాకి ట్యాంకు వైపు మళ్లే సన్నటి గొట్టం ఒకటి కనిపిస్తుంది. రిటర్న్ పైపు. అది కారితే తప్ప దాని ఊసు ఎవరికీ పట్టదు.

అదెందుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజన్‌లో ఇంధనాన్ని గాలి ఒత్తిడితో లోపలికి ఊదేవారు. ఆ గాలి సరంజామా బరువుకు ఇంజన్ బండెక్కలేకపోయింది. 1927లో జర్మనీలో బాష్ కంపెనీ డీజిల్‌నే నేరుగా నెట్టే పంపులను వరసగా తయారుచేయడం మొదలుపెట్టాక అది విరివిగా లారీ ఎక్కింది, ట్రాక్టర్ ఎక్కింది. 1951లో మన దేశంలో ఆ పంపులు చేసే మైకో కంపెనీ వెలిశాక మన మెకానిక్కులకు అది మైకో పంపే.

ఆ పంపు ప్లంజరుకూ దాని గూటికీ మధ్య సందు 2, 3 మైక్రాన్లు. తల వెంట్రుక మందమే దాదాపు 70. ఆ సందులోంచి, నాజిల్ సూది పక్కనుంచి కొంచెం డీజిల్ కారాలి. అదే అక్కడ కందెన. అలా కారింది మళ్లీ ట్యాంకు చేరడానికే రిటర్న్ పైపు.

చిక్కేమిటంటే, కాపలా అంతా వెళ్లే దారిలోనే. పంపు అరిగి రాలిన రజను ఏ ఫిల్టరూ ఎదురుకాకుండా వెనక్కి వచ్చి ట్యాంకు అడుగున చేరుతుంది. మెకానికల్ పంపులు కొంత ఓర్చుకునేవి. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందించే కామన్ రైల్ 1997లో కార్లలోకి వచ్చింది. దానిలో ఒత్తిడి 1,350 బార్, అది రజనును ఓర్చుకోదు. 50 హెచ్‌.పి. దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు రావడంతో ఆ కామన్ రైలే పొలంలోకీ దిగింది. పంపు పాడైతే కొత్తది బిగించినంత మాత్రాన సరిపోదు. ట్యాంకు, పైపులు కడగకపోతే పాతదాని రజను కొత్తదాన్నీ తినేస్తుంది.

మరి రిటర్న్‌లోనే ఫిల్టర్ పెడితే? పెట్టొచ్చు, కానీ అది మూసుకుపోతే ఒత్తిడి వెనక్కి తన్ని గొట్టాలు ఊడతాయి. అందుకే వెడల్పాటి జాలి, అది పూడితే డీజిల్ తప్పుకుపోయే పక్కదారి ఉండాలి. అయస్కాంతం పెడితే ఇనుమునే పడుతుంది, దుమ్మును పట్టదు.

నాకు నచ్చింది మాత్రం మెకానిక్కుల సీసా పరీక్ష. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ గొట్టాన్ని ఒక్కో గాజు సీసాలో వేలాడదీసి ఇంజన్ నడుపుతారు. మిగతావాటికన్నా ముందే నిండిన సీసా తాలూకు ఇంజెక్టర్ అరిగినట్టు. తర్వాత ఆ డీజిల్‌ను కాసేపు కదపకుండా ఉంచి వెలుతురుకు ఎత్తి చూస్తే సరి. అడుగున తళుకు కనిపించిందా, ట్యాంకు దించాల్సిందే.